అద్దం దించి అడగండి

మిత్రులారా, ఈ టపా కొంచెం కోపంతో వ్రాస్తున్నాను. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక కోపాన్ని వాక్యంలో కట్టిపెట్టడం కొంత అలవాటే. అయినా అక్కడక్కడ పలుపు తెంచుకొంటే పెద్దమనసుతో మన్నించండి.

గత వైశాఖంలో ఒక మధ్యాహ్నం నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేసినాడు. అతనిది కణేకల్లు దాపున ఒక పల్లె. "అయ్యవారూ, బెంగుళూరోళ్లు నలుగురు ఇసుక దిబ్బలకాడ చిక్కుకోనుండారు. ఒక పాపకు సోయ లేదు. నూట ఎనిమిదికి చేసినాము, బండి వస్తాంది. అంతలోపల ఏం చేయల్ల?" అని అడిగినాడు. ఉద్యోగకాలంలో స్కౌటు బాధ్యత కూడా నాదే. ప్రథమచికిత్స పాఠం అతడు నా దగ్గరే నేర్చుకొన్నాడు. ఆ గాభరాలో మరచిపోయినాడు, అంతే. "నీడకు చేర్చు, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిబట్టలు వేయి, ఒళ్లంతా నీళ్లు చల్లి విసరండి, తెలివి లేనప్పుడు నోట్లో మాత్రం నీళ్లు పోయవద్దు" అని చెప్పినాను. బండి వచ్చేసరికి ఆ అమ్మాయి కండ్లు తెరిచినది. ఆసుపత్రిలో రెండు రోజులుండి క్షేమంగా ఇల్లు చేరినది. అంతవరకు అంతా మంచిదే.

జరిగినదేమిటో తరువాత నా శిష్యుడు చెప్పినాడు. వారు ఛాయాచిత్రాల కోసం మట్టిబాట వదిలి కారును ఇసుకలోకి దింపినారు. చక్రాలు కూరుకొన్నవి. కూరుకొన్న చక్రాన్ని ఇంకా గట్టిగా తిప్పితే అది తన గుంత తానే తవ్వుకొంటుంది, అదే చేసినారు. ఇరుసు ఇసుకను తాకిన తరువాత దిగి నడవడం మొదలుపెట్టినారు. మిట్టమధ్యాహ్నం, నలుగురికి కలిపి ఒక లీటరు నీళ్లు, అవీ కాగినవి. సర్కారు తుమ్మ కంపల వెనుక, కిలోమీటరు కూడా లేని దూరంలో ఊరున్నది. వారికి అది కనబడలేదు, ఎందుకంటే వారు ఫోనులోని పటం చూస్తూ దానికి ఎదురుదిక్కుకు నడిచినారు.

నా కోపానికి కారణం ఇదంతా కాదు. ఎవరైనా పొరబడవచ్చు. ఇసుకలోకి దిగకముందు దారిలో ఒక గొర్రెల కాపరి కర్ర పైకెత్తి, చేయి అడ్డంగా ఊపి, కారును ఆపబోయినాడు. అటు పోవద్దని చెప్పడానికి. వారు అద్దం దించలేదు. డబ్బులడుగుతాడనుకొన్నారట. వారి జాడ తెలియక గంట తరువాత ఊళ్లోకి పరుగెత్తి నలుగురిని పిలుచుకొని వచ్చినవాడు కూడా ఆ కాపరే.

నెలరోజుల తరువాత ఆ నలుగురిలో ఒకరు తమ ప్రయాణాన్ని గురించి అంతర్జాలంలో వ్రాసినారు. నా శిష్యుడే పంపినాడు, చదివినాను. ఆంధ్రదేశపు ఎడారిలో మృత్యుముఖం నుండి బయటపడిన సాహసగాథ అది. చివర, ఎడారికి పోయేవారు వెంట తీసుకొనిపోవలసిన వస్తువుల పట్టిక: పలకలు, పారలు, పంపులు, ఉపగ్రహ యంత్రాలు, సూర్యరశ్మితో నిండే బ్యాటరీలు. మొత్తం పద్దెనిమిది. ఊరివాళ్లు ఒక్క వాక్యంలో వచ్చిపోయినారు, "స్థానికులు సహకరించారు" అని. కాపరి ఎక్కడా లేడు.

ఆ పట్టికకు జవాబుగా ఈ టపా.

మొదట మాట సంగతి. తెలుగు పండితుడు మాట దగ్గరే మొదలుపెట్టాలి కదా. అనంతపురం పేరెత్తగానే "జైసల్మేరు తరువాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లా" అని అందరం అప్పజెప్పుతాము. నేనూ తరగతిలో ఏండ్ల తరబడి చెప్పినాను. ఒప్పుకొంటున్నాను, తప్పు చెప్పినాను. మా జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేరుకు 200 కూడా రాదు. బికనీరు, బార్మేరు, లద్దాఖులోని లేహ్, ఇవన్నీ మాకంటె తక్కువ వాన పడే చోట్లే. వాన కొలతను బట్టి చూస్తే ఆ రెండవ స్థానం మాది కానే కాదు. మా కష్టం వేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువు దించుకొని మా దాకా తేలికై వస్తాయి. ఈశాన్యపు వాన తూర్పుతీరం నుండి ఇంతదూరం వచ్చేసరికి అలసిపోతుంది. రెండిటికీ మాది వీధి చివరి ఇల్లు. రావలసిన వేళకు రాదు, వచ్చినపుడు నిలువదు. దానిని కరువంటారు. ఎడారి అనరు.

మరి ఆ ఇసుక దిబ్బలు? అవి నిజమే. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో, దర్గాహొన్నూరు, గోవిందవాడ వైపు చూసినవారు నమ్మలేరు, రాజస్థానమే అనుకొంటారు. కాని ఆ ఇసుక వేదవతిది. మేము హగరి అంటాము. నదికి ఎగువన కర్ణాటకలో హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం 1907 నాటికే కట్టినారు. మా వైపు గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ఆనకట్ట 1961లో వచ్చినది. వానలు తప్పినవి, నది ఎండినది, పడక బయటపడినది. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి వీచినపుడు ఆ పడకలోని ఇసుకే లేచి పొలాల మీద పడుతుంది. ప్రతి దిబ్బ కింద ఎవరిదో ఒకరి చేను ఉన్నది. పట్టా ఉన్న చేను, శిస్తు కట్టిన చేను. అదే దిబ్బకు కొంతదూరంలోనే తుంగభద్ర ఎగువ కాలువ పారుతుంది, ఆ నీళ్లతో వరి పండుతుంది. ఇసుక మీద నిలబడి ఫోటో తీసుకొనేవారు తల కొంచెం పక్కకు తిప్పితే వరిమడి కనబడుతుంది. అది ఫోటోలో రాకుండా జాగ్రత్తపడతారు.

పేరులో ఏమున్నదని మీరు అనవచ్చు. ఈ విషయంలో ప్రాణమున్నది. ఎడారి అనుకొని వచ్చినవాడు ఇక్కడ మనుషులు లేరనుకొని వస్తాడు. మనుషులు లేరనుకొన్నవాడు ఎవరినీ అడగడు. అడగనివాడే చిక్కుకొంటాడు. ఆ నలుగురి కథలో ఈ మూడు మెట్లూ ఉన్నవి.

నిజమైన ఎడారి ఎట్లుంటుందో మన తెలుగువారికి తెలియనిది కాదు. గల్ఫు దేశాలకు పోయిన లక్షలమంది కూలీలను అడగండి. 2024 ఆగస్టులో కరీంనగర్ నుండి సౌదీకి బ్రతుకుతెరువుకై పోయిన ఒక యువకుడు, సూడాన్ దేశపు తోటి ఉద్యోగితో కలిసి రుబ్ అల్ ఖాలీ అనే మహామరుభూమిలో దారితప్పినాడు. దారి చూపే యంత్రం పని చేయలేదు. ఇంధనం అయిపోయినది. ఫోను ఆగిపోయినది. కొన్ని రోజుల తరువాత ఇద్దరి దేహాలూ వాహనం పక్కనే, నమాజు చేసుకొనే చాపల దగ్గర కనబడినవి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రుబ్ అల్ ఖాలీ అంటే అరబ్బీలో "ఖాళీగా ఉన్న నాలుగవ వంతు" అని అర్థం. మనం నిత్యం వాడే "ఖాళీ" అనే మాట ఆ భాషనుండి మనకు వచ్చినదే. ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఖాళీ. అక్కడ అద్దం దించినా అడగడానికి ఎవరూ ఉండరు. అందుచేత అక్కడి నియమాలు వేరు. ఎక్కడికి పోతున్నావో, ఎప్పటికి తిరిగి వస్తావో బయలుదేరకముందే ఒకరికి చెప్పిపోవాలి. ఒంటి వాహనంతో పోరాదు. చిక్కుకొంటే వాహనాన్ని వదలి నడవరాదు, ఎందుకంటే వెదికేవారికి మనిషికంటె ముందు వాహనం కనబడుతుంది. పగలు నీడలో కదలక ఉండాలి.

ఆ ఎడారి పొట్టకూటికి పోయినవారిది. వారు దానిని సాహసమని ఎన్నడూ అనలేదు. సెలవురోజున ఫలహారాలు కట్టుకొని వచ్చి ఒక రైతు పూడిపోయిన చేను మీద నిలబడి అదే మాటను అలంకారంగా వాడుకొనేవారిని చూస్తే నాకు కోపం రాదా, మీరే చెప్పండి.

ఇక మా నేలలో దారిపోయేవానికి నిజంగా ఉన్న ప్రమాదాలు చెబుతాను. వీటిలో ఒక్కటీ ఆ పద్దెనిమిది వస్తువుల పట్టికకు లొంగేది కాదు.

మొదటిది ఎండ. చల్లని యంత్రమున్న కారులో కూర్చున్నవానికి ఎండ తెలియదు. అదే మోసం. బయట 40 డిగ్రీలున్నపుడు ఆగిన కారులో అద్దాలు మూసి ఉంచితే అరగంటలోనే లోపల 55 దాటవచ్చు. పిల్లలను, ముసలివారిని "ఐదు నిముషాల్లో వస్తాము" అని అందులో ఉంచి దిగవద్దు. మనిషికి రోజుకు ఐదు లీటర్లకు తగ్గకుండా నీళ్లు పెట్టుకోండి. దప్పి అయ్యేదాక ఆగవద్దు. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కలిపితే మందుల అంగడిలో దొరికే పొడి లేనపుడు అక్కరకు వస్తుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ అయితే మా అవ్వల వైద్యం. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, ఉన్న చోటు తెలియకుండా పోతే అది వడదెబ్బ. అపుడు క్షణమైనా ఆగక నా శిష్యునికి చెప్పినవన్నీ చేసి, 108కి ఫోను చేయండి. వచ్చే బండికి దారి చెప్పడానికి మీకు ఊరి పేరు తెలిసి ఉండాలి. ఆ నలుగురికి తామున్న ఊరి పేరు తెలియదు.

రెండవది ఇసుక. దానిలోకి దిగకపోవడమే మంచిది. దిగి కూరుకొన్నారా, చక్రం తిప్పడం ఆపండి. టైర్లలో గాలి కొంత తగ్గించండి, అప్పుడు టైరు పరుచుకొని పట్టు దొరుకుతుంది. చక్రాల ముందు ఇసుక తీసి గోనెసంచులో, పాతచాపో, కంది కట్టెలో పరచి మెల్లగా కదిలించండి. ఈ ఉపాయం మావాళ్లు ఎద్దుల బండి కాలం నుండి ఎరిగినదే. అసలు ఉపాయం, ట్రాక్టరు ఎవరింట ఉన్నదో అడగడం. ఇసుక వదిలి కంపల దారిన పోతే ముండ్లు టైర్లను వదలవు. స్టెపినీ, జాకీ ఉన్నవో లేవో ఇంటి దగ్గరే చూసుకొని రండి.

మూడవది, పట్టణవాసులు కలలో కూడా ఊహించనిది, పంట. కళ్లాలు తగ్గిపోయి మా రైతులు ఉలవ, కొర్ర, కంది తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కి నూర్పిడి అవుతుందని. అది తప్పే. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టినది. ఎండిన కట్టె మీద చక్రం జారుతుంది. ఉలవ తీగ ఇరుసుకు చుట్టుకొని, పొగగొట్టపు వేడికి అంటుకొనే ప్రమాదమూ ఉన్నది. నెమ్మదిగా దాటి, ముందున్న ఊళ్లో ఆగి, బండి కిందికి వంగి చూసి, చుట్టుకొన్నది లాగివేయండి. రాత్రిపూట దాని చుట్టూ పేర్చిన రాళ్లు అట్లే ఉంటాయి. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు, దారి మీదనే మలిగే గొర్రెల మందలు ఉంటాయి. చీకటి పడిన తరువాత పోయేవాడు సగం వేగంతో పోవాలి.

నాలుగవది వింటే నవ్వుతారు. నీళ్లు. ఈ పొడినేలలో కార్లు నీళ్లలో కొట్టుకొనిపోతాయి. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి వరదలో ఒక కారువారు చిక్కినారు. వారిని కాపాడబోయి జేసీబీతో దిగినవారూ చిక్కినారు. చివరకు వైమానిక దళపు హెలికాప్టరు వచ్చి పదిమందిని పైకి తీసుకొన్నది. 2022 సెప్టెంబరులో వాణీవిలాస సాగరం 1933 తరువాత మొదటిసారి నిండి పొర్లినది. ఎండిన హగరి పడక అనుకొన్న చోట నది నడచినది. మా వంకలకు జ్ఞాపకశక్తి ఎక్కువ. పదేండ్లు ఎండి ఉన్నా తమ దారి మరువవు. పైన ఎక్కడో వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు వస్తాయి. వంతెన మీద నీళ్లు పారుతున్నపుడు మోకాలి లోతే కదా అని దిగవద్దు. ఫోనులోని పటానికి ఆ దారి తెరిచే ఉంటుంది. ఒడ్డున కూర్చున్న ముసలాయనకు అది మూసుకొన్నదని తెలుసు.

చూసినారా, నాలుగు ప్రమాదాల్లోనూ చివరకు ఎవరో ఒకరి దగ్గరికి వచ్చి ఆగినాను. ట్రాక్టరు ఉన్నవాడు, ఊరి పేరు చెప్పేవాడు, కట్టె లాగడానికి చేయి కలిపేవాడు, ఒడ్డున కూర్చున్నవాడు. పొడినేలలో రక్షణ అనేది వస్తువుగా దొరకదు. అడిగితే దొరుకుతుంది.

ఇదంతా చెప్పే అర్హత నాకెక్కడిదంటారా? చెబుతాను. ఇప్పటివరకు ఇంట్లో కూడా వివరంగా చెప్పని సంగతి.

1986 చైత్రమాసం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పండితుణ్ణి. పరీక్ష పేపర్ల కట్ట మరొక పాఠశాలకు చేర్చవలసి ఉండినది. బస్సు తప్పినది. ఆరేడు కిలోమీటర్లే కదా అని పొలాల నడుమ నడిచినాను. సగం దారిలో దప్పి మొదలైనది. నడుమ ఒక చిన్న గుడిసెల వాడ వచ్చినది. ఒక ఇంటి ముందు ఒకామె కుండ దగ్గర కూర్చుని ఉన్నది. నన్ను చూసి లేచినది. "సామీ, ఎండన పడి యాడికి పోతాండావు, రవ్వంత నీడన కూర్చో" అన్నది. నీళ్లు తాగుతావా అని మాత్రం అడగలేదు. అడగకూడదని ఆమెకు నేర్పినారు. నేనూ అడగలేదు. ఎవరింటి నీళ్లు తాగవచ్చునో, ఎవరింటివి తాగరాదో నాకు మా ఇంట్లో నేర్పినారు. నేను "పరవాలేదమ్మా" అని ముందుకు పోయినాను.

అర కిలోమీటరు పోయిన తరువాత దారి నా ముందర నీళ్లలాగా మెరిసినది. ఎండమావికి మృగతృష్ణ, మరీచిక అని పర్యాయపదాలు ముందురోజే తరగతిలో చెప్పి ఉన్నాను. పర్యాయపదాలు తెలిసినంత మాత్రాన అది నీళ్లు కాకుండా పోలేదు, దానివైపే నడిచినాను. తరువాత ఏమైనదో తెలియదు. కండ్లు తెరిచేసరికి ఒక వేపచెట్టు కింద ఉన్నాను. ఆమె తన కొంగు తడిపి నా ముఖం మీద పిండుతున్నది. నేను తూలుతూ పోవడం చూసి వెనుకనే వచ్చినదట, కుండ ఎత్తుకొని. "సామీ, నేను తాపితే తప్పా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నా దగ్గర వ్యాకరణం లేదు. దోసిలి పట్టినాను.

నన్ను చావు దగ్గరికి తీసుకొనిపోయినది ఎండ అని ఇంట్లో చెప్పినాను. అబద్ధం. నేను దించని అద్దం అది.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. పూర్వకాలంలో అంతా బాగుండినది, అడుగడుగునా చలివేంద్రాలుండినవి అని మా వయసువారు మురిసిపోతుంటారు. ప్రప అనే మాట అమరకోశంలోనే ఉన్నది, నిజమే. వేసవిలో బాటసారికి నీళ్లివ్వడం పుణ్యమని నమ్మిన నేల ఇది, నిజమే. కాని అదే చలివేంద్రంలో కొందరికి చెంబు చేతికిచ్చినారు, కొందరికి దూరంగా నిలబెట్టి పైనుండి పోసినారు. నేను కండ్లారా చూసినాను. ఆ పాతకాలాన్ని యథాతథంగా తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. అడిగేవానికీ ఇచ్చేవానికీ నడుమ చెంబు ఒక్కటే ఉండే చలివేంద్రం కావాలి. అద్దాల కారు వచ్చి ఆ పాత దూరాన్నే కొత్తగా నిలబెడుతున్నదని నా బాధ.

ఈ సీడెడు జిల్లాలకు 1800 నుండి 1807 వరకు కలెక్టరుగా ఉండిన థామస్ మన్రోను మా వైపు ఇప్పటికీ తలచుకొంటారు. మద్రాసు గవర్నరైన తరువాత వీడ్కోలు పర్యటనకు వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. దొరతనమంతా వెంట ఉన్నా దారిలోని జబ్బు నుండి అది కాపాడలేకపోయినది. మద్రాసులో ఆయనకు గుర్రం మీది విగ్రహం పెట్టినారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ఒక తోపు వేయించి, మెట్లబావి తవ్వించినారు. రెండు స్మారకాల్లో ఏది ఎండనపడి వచ్చినవానికి పనికివచ్చినదో చెప్పనక్కరలేదు. ఈ నేలలో ఎవరినైనా గుర్తుంచుకోవాలంటే చేయవలసినది అదే, నీడా నీళ్లూ.

ఇపుడు మీ ఆక్షేపణలు నాకు వినబడుతున్నవి. "మాష్టారూ, ముక్కు మొగం తెలియనివారిని నమ్మి అద్దం దించమంటారా? ఆడపిల్లలు ప్రయాణం చేస్తుంటే?" న్యాయమైన ప్రశ్న. నిర్జనమైన చోట ఒంటరిగా ఉన్న ప్రతివాని కోసం ఆగమని నేననడం లేదు. ఊళ్లో ఆగండి. టీ అంగడి దగ్గర, బస్సు ఆగే చోట, పాఠశాల ముందర, ఇంటి అరుగు మీద కూర్చున్న ఆడవారి దగ్గర అడగండి. "అక్కా, ఈ దారి ఎట్లుంది? వంక పారుతాందా? ఇసుకలో బండి పోతుందా?" మూడు ప్రశ్నలు. నిముషం పట్టదు. ఆ ఊరి పేరు ఒక కాగితం మీద వ్రాసుకోండి. కర్ర ఎత్తి వద్దని చేయి ఊపేవానికి మాత్రం, కారు కదులుతుండగానే అయినా, నాలుగు వ్రేళ్ల సందు తెరవండి. మాట వినడానికి అంత సందు చాలు.

"భాష రాదే?" రాయదుర్గం 1953 దాక బళ్లారి జిల్లాలోనిది. మాకు తెలుగూ కన్నడమూ రెండూ ఇంటి భాషలే. హిందీ కొంత వస్తుంది. చేయి అడ్డంగా ఊపితే పోవద్దని అర్థం. దానికి అనువాదం అక్కరలేదు.

"ఊరివాళ్లు మాత్రం సహాయం చేస్తారా, పోలీసులకు భయపడి తప్పుకోరా?" భయపడినమాట నిజం. మా పల్లెల్లో ప్రమాదం జరిగిన చోటికి పోతే సాక్ష్యం చెప్పడానికి కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుందని వెనుకాడేవారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ అనే సెక్షను చేర్చినారు. సద్బుద్ధితో ప్రమాదబాధితునికి సాయం చేసినవానిపై కేసు ఉండదు, పేరు చెప్పమని నిర్బంధించరాదు. ఈ సంగతి మా వాళ్లకు ఇంకా సరిగా చేరలేదు. నేను చెబుతున్నాను. మీరూ మీ ఊళ్లలో చెప్పండి.

మా వారి తప్పులూ దాచను. పర్యాటకులు రావాలి, ఊరికి పేరు రావాలి అని ఉబలాటపడేవారు మావాళ్లలోనూ ఉన్నారు. ఇసుక దిబ్బలను గొప్పగా చెప్పుకొనేవారు, ఇక్కడినుండి ముందుకు బండి పోదు అని కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒక బోర్డు నాటలేరా? వంక మీది ప్రతి చప్టాకు లోతు చూపే రాతికంబం, దానికి ఎర్రరంగు, ఎంత ఖర్చు? దారిమీద పంట పరచకుండా ఊరికొక సిమెంటు కళ్లం వేసుకోలేమా? వచ్చేవారిని ఎడారి యాత్రికులని పిలిచి, నీడా నీళ్లూ లేని చోటికి సాగనంపడం ఆతిథ్యం కాదు.

వచ్చేవారు రావద్దని నేను అనలేదు. మా కోట కొండ చూడండి. చైత్రం, వైశాఖం వదలిపెట్టి మార్గశిరంలోనో పుష్యంలోనో రండి. నీళ్లు మీవి మీరు తెచ్చుకోండి. మా ఊరి నీళ్లు ట్యాంకరు వచ్చే రోజు లెక్కపెట్టుకొని వాడుకొనేవి. అయినా అడిగితే లేదనేవారు ఉండరు. ఆ దిబ్బ ఎక్కేముందు అది ఎవరి చేనో అడగండి. అతడు కనబడితే, ఎన్ని ఎకరాలు పోయినవో కూడా అడగండి. తిరిగి ఇల్లు చేరిన తరువాత మీ ప్రయాణం గురించి వ్రాసేటపుడు, మిమ్ములను లాగిన ట్రాక్టరు ఏ ఊరిదో, నీళ్లు పోసిన చేయి ఎవరిదో, అడిగి తెలుసుకొని వ్రాయండి. ఆ పద్దెనిమిది వస్తువుల తరువాత పందొమ్మిదవదిగా అయినా సరే.

మొన్న ఆ కాపరి రాయదుర్గం సంతలో కనబడినాడు. ఆ వ్రాత సంగతి చెప్పినాను. "నా గురించి రాయకపోతే పోనీలే అయ్యవారూ, ఆ పాప బాగుందంట్నా?" అని అడిగినాడు. బాగున్నదని చెప్పినాను. "మళ్లీ వస్తారేమో, ఆ తావన ఎవురన్నా ఉంటే బాగుంటాది" అన్నాడు. ఈ ఉగాదికి ఆ మలుపు దగ్గర నాలుగు తడికలు కట్టి, రెండు బానలు పెట్టి, చలివేంద్రం మొదలుపెట్టాలని మేమిద్దరం అనుకొన్నాము. కాపలాకు అతడు, బోర్డు వ్రాయడానికి నేను. బోర్డు మీద ఏమి వ్రాయాలో ఇంకా తేల్చుకోలేదు. ఈ టపా పేరే వ్రాయమని నా శిష్యుడు అంటున్నాడు. మీకేమైనా తోస్తే వ్యాఖ్యలో చెప్పండి.